కృష్ణ దాటే వేగు: రోగ్ పాత్రకు రెండో విద్య

దేవదుర్గ నుంచి వాయవ్యానికి వెళ్తే కృష్ణ అడ్డం వస్తుంది. ఆవలి ఒడ్డున సురపురం, దానికి పడమరగా వాగినగేరా కోట. ఇప్పటికీ నారాయణపుర డ్యామ్ నుంచి వరద వదిలితే హూవినహెడ్గి వంతెన మునిగి దేవదుర్గకూ శహాపురానికీ మధ్య దారి తెగుతుంది. వంతెనే లేని కాలంలో, రాత్రిపూట ఈ నది దాటి కబురు చేరవేయగల మనిషికి ఎంత విలువ ఉండేదో!

1705లో ఔరంగజేబు స్వయంగా నడిపిన ఆఖరి ముట్టడి వాగినగేరా మీదే. కోటలో ఉన్నది పిడ్డ నాయకుడు, ఆయన బేడ సైనికులు. గురి తప్పకుండా తుపాకీ పేల్చడంలో, చీకట్లో శత్రు శిబిరం మీద పడటంలో వాళ్లకు అప్పటికే పేరుంది. ఫిబ్రవరిలో మొదలైన ముట్టడి ఏప్రిల్ చివరిదాకా సాగింది. మధ్యలో ధనాజీ జాదవ్ మరాఠా సేనతో సాయానికి వచ్చాడు. పిడ్డ నాయకుడు లొంగిపోతానని రాయబారం నడిపి, మాటలతో రోజులు దొర్లించి, చివరికి ఒక రాత్రి కోట వదిలి తన మనుషులతో తప్పుకున్నాడు. కోట పడింది గానీ నాయకుడు చిక్కలేదు. ఆ తర్వాత దగ్గర్లోని దేవాపురలో మకాం వేసిన ఔరంగజేబు అక్కడే పెద్ద జబ్బు పడ్డాడు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లెవరైనా ఈ కథ వింటే, వాళ్ల మనసు రోగ్ పాత్ర వైపు వెళ్లి తీరుతుంది. చీకటి, మారువేషం, మాటకారితనం, దాగి ఉండి కొట్టే ఒకే ఒక్క దెబ్బ, ఇవన్నీ రోగ్ సరుకే. కానీ వాగినగేరా వేగుకు తుపాకీ కూడా రావాలి, అడవీ చీకటీ తెలియాలి, తింథిణి గుడిలోని మౌనేశ్వరుడి మీద నమ్మకం కూడా ఉండొచ్చు. పాత్ర వృత్తిని ఈ ఆటలో తరగతి అంటారు; ఒక్క రోగ్ తరగతిలో ఇవన్నీ దొరకవు. అక్కడే మల్టీక్లాసింగ్ అవసరం పడుతుంది. అంటే కొన్ని లెవెల్స్ ఒక తరగతిలో, కొన్ని మరో తరగతిలో తీసుకోవడం. ఆ పని మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో, ఈ నేల మీద పుట్టిన ఒక ఊహాపాత్రను తయారు చేస్తూ చూపిస్తాను. పాత్ర పేరు మౌనేశ. నదికి ఇవతల, దేవదుర్గ వైపు పల్లెలో పెరిగినవాడు.

ఆట కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, ఆయన్నో ఆమెనో డీఎం అంటారు. మిగతావాళ్లు ఒక్కో పాత్ర. ఏ పనైనా ఫలిస్తుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆటను తెచ్చారు. ఈ రోగ్‌కు మూలమైన దొంగ తరగతి మరుసటి ఏడు గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంలో చేరింది. 2000లో వచ్చిన మూడో కూర్పు నుంచి ఏ పాత్ర అయినా లెవెల్ లెవెల్‌కూ తరగతి మార్చుకునే వీలు వచ్చింది. ఈ కథనంలో లెక్కలన్నీ 2014లో వచ్చిన ఐదో కూర్పువి. ఆ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా విడుదల చేశారు కాబట్టి పుస్తకం కొనే స్తోమత లేకపోయినా మొదలుపెట్టవచ్చు.

బల్ల దగ్గర కూర్చునే ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. బేడ నాయకుల కథ తీసుకుని రోగ్‌ను చేస్తున్నాం గనుక, ఆ పాత్రను పుట్టు దొంగగా చూపించకూడదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం కులాలకు కులాలనే దొంగలుగా ముద్ర వేసి, తరతరాలు పోలీసు నిఘాలో ఉంచింది. దేవదుర్గలో, సురపురంలో నాయక కుటుంబాలు ఈ రోజుకీ గౌరవంగా బతుకుతున్నాయి. రాయచూరు జిల్లాలో వలస రైతుల క్యాంపుల్లోని తెలుగు పిల్లలు బడిలో వాళ్ల పిల్లల పక్కనే కూర్చుంటారు. మన మౌనేశ వేగు. కోటకు కళ్లూ చెవులూ. రోగ్ తరగతి అందుకు చక్కగా సరిపోతుంది, జేబులు కొట్టడం దానిలో తప్పనిసరి కాదు.

ఇక పని మొదలు. ముందుగా ఆరు గుణాలకు అంకెలు వేయాలి. ఇరవై ఏడు పాయింట్లు ఖర్చు పెట్టి కొనుక్కునే పద్ధతి నాకు నచ్చుతుంది, బల్ల దగ్గర అందరూ ఒకే గీత నుంచి బయల్దేరతారు. డెక్స్టెరిటీ, అంటే ఒంటి చురుకు, 15. దానికి తొమ్మిది పాయింట్లు. విజ్డమ్, అంటే చుట్టుపక్కల ఏం జరుగుతోందో పసిగట్టే ఎరుక, 14. దానికి ఏడు. ఒంటి దారుఢ్యం 13, ఐదు పాయింట్లు. మనుషుల్ని ఆకట్టుకునే కరిస్మా 12, నాలుగు. చదువు తెలివి 10, రెండు. కండబలం 8, ఖర్చు లేదు. కూడితే సరిగ్గా ఇరవై ఏడు. మౌనేశ మనిషి కాబట్టి ప్రతి గుణానికీ ఒకటి కలుస్తుంది. చురుకు 16, ఎరుక 15, దారుఢ్యం 14, కరిస్మా 13, తెలివి 11, బలం 9.

ఈ అంకెలు ఊరికే వేసినవి కావు. రెండో తరగతిలోకి వెళ్లాలంటే ఉన్న తరగతికీ, వెళ్లే తరగతికీ కావాల్సిన గుణాలు రెండూ కనీసం 13 ఉండాలి. రోగ్‌కు చురుకు 13. ఫైటర్‌కు బలమైనా చురుకైనా 13 చాలు. రేంజర్‌కూ మాంక్‌కూ చురుకుతో పాటు ఎరుక కూడా 13 కావాలి. క్లెరిక్‌కు, డ్రూయిడ్‌కు ఎరుక. బార్డ్, వార్లాక్, సోర్సెరర్‌లకు కరిస్మా. విజర్డ్‌కు తెలివి, బార్బేరియన్‌కు బలం, పాలడిన్‌కు బలమూ కరిస్మా కూడా. మన పంపకంతో మూడు తలుపులు మూసుకున్నాయి: విజర్డ్, బార్బేరియన్, పాలడిన్. మిగతావన్నీ తెరిచే ఉన్నాయి. ఎనిమిదో లెవెల్‌లో కథ ఏ మలుపు తిరుగుతుందో ముందే తెలియదు గనుక తొలిరోజే తలుపులు తెరిచి ఉంచుకోవడం మంచిది. ఇంకో మాట. 2014 పుస్తకంలో మల్టీక్లాసింగ్ ఐచ్ఛిక నియమం. డీఎం ఒప్పుకుంటేనే ఉంటుంది. అడగడం ఇప్పుడే కానివ్వండి, ఐదో లెవెల్‌లో అడిగితే ఇద్దరికీ ఇబ్బంది.

మొదటి లెవెల్ రోగ్‌లోనే తీసుకోవాలి. ఇందులో నాకు సందేహం లేదు. ఫైటర్‌గా మొదలుపెట్టి రోగ్‌లోకి వస్తే మొదటి లెవెల్‌లో ప్రాణబలం రెండు పాయింట్లు ఎక్కువ వస్తుంది, దారుఢ్యానికి సంబంధించిన రక్షణ వస్తుంది. కానీ రోగ్‌గా మొదలుపెట్టినవాడికి తరగతి నుంచే నాలుగు నైపుణ్యాలు దక్కుతాయి, తర్వాత చేరినవాడికి ఒక్కటే. వేగు బతికేది నైపుణ్యాల మీద. మౌనేశకు స్టెల్త్, పర్సెప్షన్, డిసెప్షన్, ఆక్రోబాటిక్స్ తీసుకుందాం. నేపథ్యం అవుట్‌ల్యాండర్ ఎంచుకుంటే అథ్లెటిక్స్, సర్వైవల్ కూడా వస్తాయి. కృష్ణలో ఈత కొట్టడానికి అథ్లెటిక్స్ కావాలి, గడ్డి మీద గుర్రాల జాడ చూసి దండు ఎటు పోయిందో చెప్పడానికి సర్వైవల్ కావాలి. స్టెల్త్, పర్సెప్షన్ రెండింటిలో ఎక్స్‌పర్టైజ్ వేస్తే, అంటే నైపుణ్యపు బోనస్‌ను రెట్టింపు చేస్తే, మొదటి రోజే నక్కి నడవడంలో పాచికకు ఏడు కలుస్తుంది, పసిగట్టడంలో ఆరు.

ఇక అసలు ఆయుధం స్నీక్ అటాక్. శత్రువు మీద మనకు అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) ఉన్నా, లేదా మనకు డిసడ్వాంటేజ్ (రెండిట్లో చిన్నది తీసుకోవడం) లేకుండా శత్రువు పక్కనే, అయిదడుగుల్లో, మనవాడొకడు నిలబడి ఉన్నా, ఆ దెబ్బకు అదనపు పాచికలు కలుస్తాయి. మొదటి లెవెల్‌లో ఒక ఆరు ముఖాల పాచిక. ఆ తర్వాత రోగ్ లెవెల్ బేసి అంకెకు చేరిన ప్రతిసారీ ఇంకొకటి. ఒక టర్న్‌లో ఒక్కసారే పనిచేస్తుంది, చురుకుతో తిప్పగల ఫినెస్ ఆయుధంతోనో దూరం నుంచి వేసే ఆయుధంతోనో మాత్రమే. ఈ నియమం బాగా గుర్తుంచుకోండి. రోగ్‌కు ఏ రెండో విద్య అచ్చొస్తుందో, ఏది రాదో తేల్చేది ఇదే.

రెండు నుంచి ఐదు దాకా నేరుగా రోగ్‌లోనే వెళ్లమంటాను. రెండులో కన్నింగ్ యాక్షన్ వస్తుంది, బోనస్ యాక్షన్‌తో, అంటే అసలు పనికి తోడు చేసే చిన్న పనితో, పరుగెత్తవచ్చు, దాక్కోవచ్చు. మూడులో రోగ్ శాఖ. నాలుగులో గుణం పెంచుకునే అవకాశం, అది చురుకుకే పెట్టి 18 చేయాలి. ఐదులో స్నీక్ అటాక్ మూడు పాచికలవుతుంది, అంకనీ డాడ్జ్ వస్తుంది. కనబడే శత్రువు కొట్టిన దెబ్బను రియాక్షన్‌తో సగానికి తగ్గించేది అదే. సన్నటి తోలు కవచంతో తిరిగే మనిషికి అంతకంటే పెద్ద కవచం లేదు. అనుభవ పాయింట్లు చూసినా ఇదే సరైన చోటు. రెండో లెవెల్‌కు 300 చాలు, మూడుకు 900, నాలుగుకు 2,700, ఐదుకు 6,500. ఆరుకు ఏకంగా 14,000 కావాలి. మూడు రోగ్, రెండు ఫైటర్ అని ముందే చీల్చుకున్నవాడు ఐదో లెవెల్‌లో అంకనీ డాడ్జ్ లేకుండా ఆ సుదీర్ఘమైన మధ్యకాలమంతా ఆడాలి.

ఇప్పుడు ఆరో లెవెల్. ఇక్కడే దారులు చీలుతాయి.

వాగినగేరా కథలో తుపాకీ ఉంది కాబట్టి ముందు ఫైటర్ చూద్దాం. డీఎంల పుస్తకంలో మస్కెట్ ఐచ్ఛిక ఆయుధంగా ఉంది. పన్నెండు ముఖాల పాచిక నష్టం, నలభై అడుగుల దూరం దాకా మంచి గురి, ఆపైన నూట ఇరవై దాకా డిసడ్వాంటేజ్‌తో. అది మార్షల్ ఆయుధం, రోగ్‌కు చేతకాదు. ఫైటర్‌లో ఒక్క లెవెల్ తీసుకుంటే మార్షల్ ఆయుధాలన్నీ వస్తాయి, ఫైటింగ్ స్టైల్ కూడా వస్తుంది. ఆర్చరీ స్టైల్ తీసుకుంటే దూరపు ఆయుధాల గురికి రెండు కలుస్తుంది. విల్లుకే కాదు, తుపాకీకీ కలుస్తుంది.

లెక్క వేసి చూడండి. ఎదుటివాడి రక్షణ అంకె 15 అనుకుందాం. ఆరు లెవెల్స్ పూర్తిగా రోగ్‌గా ఉన్నవాడు షార్ట్‌బోతో కొడితే గురికి ఏడు కలుస్తుంది, నూటికి అరవై ఐదుసార్లు తగులుతుంది. విల్లు పాచిక సగటు మూడున్నర, స్నీక్ అటాక్ సగటు పదిన్నర, చురుకు 18 వల్ల నాలుగు, మొత్తం 18. తప్పిన బాణాలు కూడా లెక్కలోకి తెస్తే సగటున 11.7. అదే ఐదు రోగ్, ఒకటి ఫైటర్ అయిన మౌనేశ మస్కెట్ పేలిస్తే గురికి తొమ్మిది కలుస్తుంది, నూటికి డెబ్బై ఐదుసార్లు తగులుతుంది. దెబ్బ సగటు 21. అన్నీ కలిపి చూస్తే 15.75. ఒక్క లెవెల్‌తో మూడోవంతు పైగా పెరిగింది! దీన్ని మించి లాభసాటి మార్పు రోగ్‌కు అరుదు.

లోడింగ్ అనే నియమం మస్కెట్‌కు అడ్డం కదా అని అడుగుతారు. ఒక యాక్షన్‌కు ఒక్క తూటానే. ఫైటర్‌గానే ఎదిగి రెండు మూడు దెబ్బలు కొట్టేవాడికి అది పెద్ద ఆటంకం. రోగ్‌కు టర్న్‌కు ఒకే దెబ్బ గనుక ఆ నియమం అతన్ని అసలు బాధించదు. ఈ ఆయుధమూ ఈ తరగతీ ఒకదానికొకటి ఎంత బాగా కుదురుతాయో గమనించినవాళ్లు తక్కువ. కష్టం దూరంతోనే. షార్ట్‌బో ఎనభై అడుగుల దాకా గురి చెడదు, మస్కెట్ నలభైతో సరి. నలభై దాటితే డిసడ్వాంటేజ్, దాంతో స్నీక్ అటాక్ పోతుంది. అంటే మౌనేశ శత్రువుకు చాలా దగ్గరగా పాకాలి. ఎక్స్‌పర్టైజ్ అందుకే పెట్టాం.

ఫైటర్ ఇచ్చే మధ్యరకం కవచాల జోలికి వెళ్లనక్కర్లేదు. బ్రెస్ట్‌ప్లేట్ 14కు చురుకు రెండే కలుస్తుంది, 16 అవుతుంది. మేకులు కొట్టిన తోలు కవచం 12కు చురుకు నాలుగూ కలిసి అదే 16. బరువు మోయడం దండగ. ఇక ఫైటర్ రెండో లెవెల్‌లో యాక్షన్ సర్జ్ వస్తుంది, ఒక టర్న్‌లో రెండో యాక్షన్. మొదటి తూటా తప్పితే రెండోది స్నీక్ అటాక్‌ను మోస్తుంది. రెండూ తగిలినా స్నీక్ అటాక్ ఒక్కసారే. మూడో లెవెల్‌లో బ్యాటిల్ మాస్టర్ అనే శాఖ తీసుకుంటే రిపోస్ట్ అనే విన్యాసం ఉంది. శత్రువు కత్తి దెబ్బ మనకు తగలకపోతే, వాడి టర్న్‌లోనే రియాక్షన్‌తో తిరిగి కొట్టవచ్చు. అది వేరే టర్న్ గనుక స్నీక్ అటాక్ మళ్లీ పనిచేస్తుంది. కత్తి పట్టే రోగ్‌కు ఇది మంచి దారే, తుపాకీ పట్టిన మౌనేశకు కాదు.

రేంజర్ దారి రాత్రి దాడులకు పుట్టినట్టుంటుంది. మూడు లెవెల్స్ ఇచ్చి, 2017లో వచ్చిన జనథార్ పుస్తకంలోని గ్లూమ్ స్టాకర్ శాఖ తీసుకుంటే చీకట్లో అరవై అడుగులు చూడగలడు. మనిషి పాత్రకు ఇది చాలా పెద్ద లాభం. చీకట్లో చూసే శక్తి మీదే ఆధారపడిన శత్రువులకు అతను కనబడడు. పోరు మొదలవగానే ఎవరు ముందో తేల్చే పాచికకు ఎరుక కలుస్తుంది, తొలి టర్న్‌లో అదనంగా ఇంకో దెబ్బ. కానీ ఆ అదనపు దెబ్బ అదే అటాక్ యాక్షన్‌లో భాగం, కాబట్టి లోడింగ్ ఉన్న మస్కెట్‌తో కుదరదు. విల్లు పట్టుకోవాలి. అంటే రేంజర్ దారిలో వెళ్తే తుపాకీ వదులుకున్నట్టే.

దీనికి చెల్లించే మూల్యం కూడా చూడాలి. ఎనిమిదో లెవెల్‌కు ఐదు రోగ్, మూడు రేంజర్ అయినవాడికి గుణం పెంచుకునే అవకాశం ఒక్కసారే వచ్చింది. పూర్తి రోగ్‌కు రెండుసార్లు వచ్చేది. ఆ అవకాశం మొత్తం లెవెల్‌ను బట్టి కాక ఒక్కో తరగతిలో తీసుకున్న లెవెల్‌ను బట్టి వస్తుంది. ఆరులో వచ్చే మరో రెండు ఎక్స్‌పర్టైజ్‌లు లేవు, ఏడులో వచ్చే ఇవేజన్ లేదు, స్నీక్ అటాక్ నాలుగుకు బదులు మూడు పాచికలు. మీ డీఎం కథలో సగం రాత్రులే అయితే ఈ మూల్యం చెల్లించండి. బయలు పొలాల మీద, పట్టపగలు దండులు ఎదురుపడే కథ అయితే వద్దు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి మాత్రం క్లెరిక్. బలం కోసం చూసేవాళ్లు దీన్ని దాటేసి పోతారు. పిడ్డ నాయకుడు ఔరంగజేబును నిలిపి ఉంచింది తుపాకులతో పాటు రాయబారంతో, నమ్మించడంతో. ట్రిక్కరీ డొమైన్‌లో ఒక్క లెవెల్ తీసుకుంటే డిస్గైజ్ సెల్ఫ్ మంత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, గంటసేపు మొగలు సిపాయిలా కనబడి శిబిరంలో తిరిగి రావచ్చు. ఇంకొకరిని తాకి వాళ్లకు స్టెల్త్‌లో గంటసేపు అడ్వాంటేజ్ ఇవ్వవచ్చు. తనకు తాను ఇచ్చుకోలేడు. ఉక్కు కవచంతో చప్పుడు చేస్తూ నడిచే మన బృందంలోని ఫైటర్ చెయ్యి పట్టుకుని నది దాటించేది మౌనేశే అవుతాడు. గైడెన్స్ అనే చిన్న మంత్రం ఏ నైపుణ్యం పాచికకైనా నాలుగు ముఖాల పాచిక కలుపుతుంది. మూడో లెవెల్ దాకా వెళ్తే పాస్ వితౌట్ ట్రేస్ కూడా వస్తుంది, దాంతో బృందం మొత్తానికి స్టెల్త్‌లో పది కలుస్తుంది. యుద్ధంలో లాభం కొంచెమే. యుద్ధం రాకుండా చేయడంలో లాభం చాలా ఎక్కువ. తింథిణిలో మౌనేశ్వరుడిని హిందువులూ ముస్లింలూ కొలుస్తారు. ఆ దేవుణ్ని నమ్ముకుని పెరిగిన వేగుకు ఈ విద్య ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగరు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వార్లాక్ మూడు లెవెల్స్ తీసుకుని, డార్క్‌నెస్ మంత్రంతో చీకటి కమ్మించి, డెవిల్స్ సైట్‌తో తాను మాత్రం చూస్తూ కొట్టే ఎత్తు చాలామందికి ప్రియం. ఆ చీకట్లో మన పక్కవాళ్లకూ ఏమీ కనబడదు. స్నేహితుల ఆట పాడుచేసే ఎత్తు నేను సిఫారసు చేయను. మాంక్ దగ్గర పిడిగుద్దులకు స్నీక్ అటాక్ పనిచేయదు, పైగా అతని విద్యలకూ కన్నింగ్ యాక్షన్‌కూ ఒకే బోనస్ యాక్షన్ కావాలి. బార్డ్ మాటకారి వేగుకు బాగానే ఉంటాడు, కానీ మన కరిస్మా 13తో మంత్రాలు బలహీనంగా పడతాయి. విజర్డ్ కావాలంటే మొదట్లోనే తెలివి 13 చేసుకుని ఉండాలి. విజర్డ్‌కు మంత్రంతో గుడ్లగూబను రప్పించుకుని, అది శత్రువును కలవరపెడుతుంటే అడ్వాంటేజ్ సంపాదించే చక్కటి దారి ఉంది, ఇంకో పాత్రకు దాచుకోండి. బార్బేరియన్‌తో రోగ్ కలిపేవాళ్లు రేపియర్‌ను బలంతో తిప్పుతారు. నియమం అడ్డు చెప్పదు, బలం 9 ఉన్న మౌనేశ మాత్రం చేయలేడు.

దారి ఎంచుకున్నాక, కాగితం మీద రాసే ముందు, అది కథలో జరగాలి. ఐదో లెవెల్ చివర్లో డీఎంతో మాట్లాడి ఒక సన్నివేశం అడగండి. కోట బురుజు మీద ఒక ముసలి తుపాకీవాడు మౌనేశకు మందు కూరడం, వత్తి ఎండబెట్టుకోవడం, నదిగాలి ఎటు వీస్తుందో చూసి గురి సవరించడం నేర్పిస్తాడు. అరగంట ఆట చాలు. ఆ అరగంట ఆడిన బృందాలు ఫైటర్ లెవెల్‌ను అంకెగా చూడటం మానేస్తాయి. నేర్పినవాడు ఆ తర్వాత ముట్టడిలో గాయపడితే బల్ల దగ్గర అందరూ లేచి నిలబడతారు. రెండో విద్య ఎక్కడ, ఎవరి దగ్గర వచ్చిందో చెప్పలేకపోతే, లెక్క ఎంత లాభంగా ఉన్నా, దాన్ని ఆపేయమనే చెబుతాను.

ఆఖరి పని కాగితం సరిచేయడం. తప్పులు జరిగేది ఎక్కువగా ఇక్కడే. ప్రొఫిషియెన్సీ బోనస్ మొత్తం లెవెల్‌ను బట్టి చూడాలి. ఆరో లెవెల్‌కు అది మూడే, మారదు. ప్రాణబలం మొదటి లెవెల్‌లోనే పూర్తిగా వస్తుంది, ఫైటర్ లెవెల్‌కు సగటు ఆరు, దారుఢ్యం రెండు కలిపి ఎనిమిదే రాయాలి. మౌనేశకు పది, నాలుగు ఏడులు, ఒక ఎనిమిది, మొత్తం 46. కోలుకునే పాచికలు విడివిడిగా రాసుకోండి: ఎనిమిది ముఖాలవి ఐదు, పది ముఖాలది ఒకటి. ఫైటర్ రక్షణలు, అంటే బలానికీ దారుఢ్యానికీ ఉన్నవి, రెండో తరగతిగా చేరినవాడికి రావు. వాటిని పొరపాటున గుర్తు పెట్టకండి. తరగతి గడిలో రోగ్ 5, ఫైటర్ 1 అని రాయండి. ఏడో లెవెల్‌కు మళ్లీ రోగ్‌లోకే రావడం మంచిది. రెండు కొత్త ఎక్స్‌పర్టైజ్‌లు డిసెప్షన్‌కూ అథ్లెటిక్స్‌కూ పెడితే ఒకటి రాయబారానికి, ఒకటి నదికి.